జాలవాగు శాంపిల్

బుధవారం ఉదయం తొమ్మిదిన్నర.

జాలవాగు ఒడ్డున గొర్రెలు చచ్చి పడి ఉన్నాయి.

ఒకటీ రెండూ కాదు. ఇరవైకి పైనే. వాగులోకి దిగే ఎర్రమట్టి బాట పొడవునా, ఎక్కడివక్కడ కూలిపోయి ఉన్నాయి. కొన్నిటి నోట నురగ. కొన్నిటి కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. పొట్టలు అప్పుడే ఉబ్బుతున్నాయి.

రూరల్ ఎస్.ఐ. అరుణకుమారి జీపు దిగింది. వెనకే హెడ్ కానిస్టేబుల్ కాశయ్య దిగాడు. అప్పటికే నల్లరాతిపల్లె సగం ఊరు అక్కడ చేరింది.

గొర్రెల కాపరి శ్రీరాములు ఒక గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఏళ్ల మనిషి. తలగుడ్డ ఊడి మెడలో పడింది. ఏడవడం లేదు. ఎవరి ముఖమూ చూడటం లేదు.

“ఎప్పుడు జరిగింది, పెద్దాయనా?”

“ఏడున్నర అయ్యుంటది, మేడం.”

“ఎక్కడి నుంచి తోలుకొచ్చావు?”

“దొడ్డి కాడ్నుంచి.”

“నేరుగా వాగుకేనా?”

“నేరుగానే.”

“తర్వాత?”

“నీళ్లు తాగినాయి. ఎనక్కి మళ్లినాయి. గట్టెక్కినాయో లేదో, ఒకదానెనక ఒకటి కూలబడిపోయినాయి.”

“అన్నీ నీవేనా?”

శ్రీరాములు గొంతు తగ్గింది. “సగం నావి. సగం ఊరోళ్లయి. మేపమని నాకిచ్చినారు.”

గుంపులోంచి మాల్యాద్రి ముందుకు వచ్చాడు. పదెకరాల రైతు. చచ్చిన వాటిలో అతని గొర్రెలు కూడా ఉన్నాయి.

“ఇంకేం అడుగుతారు మేడం? పైన ఏముందో చూడండి.”

అరుణకుమారి అటు చూసింది. వాగుకు ఎగువన రేకుల షెడ్డు. ఏబేలు అనే అతను అక్కడ పలకరాయి కోస్తాడు. బడిపిల్లల పలకలకు గిరాకీ పోయాక ఇళ్లకు పరిచే బండలు కోస్తున్నాడు. షెడ్డు నుంచి ఒక సన్నని కాలువ వాగులోకి దిగుతుంది. అది కలిసే చోట నుంచి కింది మడుగు దాకా ఒడ్డంతా బూడిదరంగు బురద.

మడుగు పక్కన బల్లపరుపు బండ. దాని దగ్గర హైస్కూల్ పిల్లలు, సైన్స్ మాస్టారు రాధాకృష్ణమూర్తి ఉన్నారు. పదో తరగతి పిల్లలు ప్రతి శనివారం జాలవాగు నీటిని పరీక్ష చేస్తారు. గొర్రెల సంగతి తెలిసి ఈ రోజు కూడా కిట్టు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

శ్రీదివ్య అనే అమ్మాయి చేతిలో చిన్న మీటరు ఉంది. నీరు ఎంత మసకగా ఉందో అది చెబుతుంది. కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి. క్లాసులో చురుకైన పిల్ల. శాంపిల్ సీసాను మీటరులో పెట్టింది. అంకెలు పైకి పోయి ఆగాయి.

“సార్, ఎప్పుడూ ఇంత రాలేదు.”

మాస్టారు మీటరు చూశాడు. మళ్లీ చూశాడు.

“ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఎక్కువుంది మేడం.” ఆయన గొంతులో భయంతో పాటు ఒక ఉత్సాహం కూడా ఉంది. “మేం జూన్ నుంచి చెబుతూనే ఉన్నాం, ఈ వాగు పాడవుతోందని.”

ఆయన తన ఫోను శ్రీదివ్యకు ఇచ్చాడు. ఆమె గొర్రెల ఫొటోలు తీసింది.

అరుణకుమారి కాశయ్య వైపు తిరిగింది.

“ఏబేలును స్టేషన్‌కు తీసుకురా.”

* * *

పదకొండున్నర. స్టేషన్.

ఏబేలుకు నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా మీద, కనుబొమల మీద రాతిపొడి. బెంచీ చివర కూర్చున్నాడు.

“నీ షెడ్డు నీళ్లు ఎక్కడికి పోతాయి?”

“వాగులోకే మేడం.”

“ఏం కలుపుతావు వాటిలో?”

“ఏమీ కలపను. రాయి కోసేటప్పుడు బ్లేడు కాలకుండా నీళ్లు పోస్తాం. ఆ నీళ్లే పోతాయి.”

“యాసిడ్ వాడతావా?”

“రాయికి యాసిడ్ ఎందుకు మేడం?”

“మరి గొర్రెలెందుకు చచ్చినాయి?”

“నాకు తెలవదు.”

బల్ల మీద పెట్టించిన అతని ఫోను మోగింది. తెర మీద హెలెన్ అని పేరు.

“నా భార్య, మేడం.”

“తర్వాత మాట్లాడొచ్చు.”

ఫోను ఆగింది. మళ్లీ మోగింది. ఏబేలు సగం లేచాడు.

“ఒక్క మాట మాట్లాడి పెట్టేస్తా మేడం.”

“ముందు స్టేట్‌మెంట్ కానీ. కూర్చో.”

అతను కూర్చున్నాడు. ఫోను మూడోసారి మోగి ఆగిపోయింది.

అరగంట తర్వాత కాశయ్య గబగబా లోపలికి వచ్చాడు.

“మేడం, నల్లరాతిపల్లెలో గొడవ. షెడ్డు మీద పడినారంట.”

ఏబేలును కూడా ఎక్కించుకుని జీపు వెళ్లేసరికి అంతా అయిపోయింది.

రేకులు కింద పడి ఉన్నాయి. కోత యంత్రం బోర్లా పడి ఉంది. బ్లేడు వంగిపోయింది. కోసి దొంతరలు పెట్టిన బండలు ముక్కలయ్యాయి. గునపాలు అక్కడే వదిలేసి పోయారు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు.

ముక్కల మధ్య హెలెన్ కూర్చుని ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గుండెకు హత్తుకుంది. మణికట్టు వాచి పక్కకు వంగింది. మోటారును పగలగొట్టొద్దని అంతకు ముందు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఎవరో లాగేశారు.

ఏబేలు ఆమె దగ్గర కూలబడ్డాడు. ఆమె అతన్ని చూడలేదు. అరుణకుమారిని చూసింది.

“మూడుసార్లు చేసినా మేడం. ఎత్తలా.”

ఎందుకు ఎత్తలేదో అరుణకుమారికి తెలుసు. ఏబేలుకు తెలుసు. అతను భార్యకు ఆ సంగతి చెప్పలేదు. చెప్పకపోవడమే అరుణకుమారికి ఎక్కువ గుచ్చుకుంది.

హెలెన్‌ను జీపులో ఎక్కించారు. దారిలో కాశయ్య తన ఫోను చూపించాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టర్. ఒక పక్క చచ్చిన గొర్రెలు. ఇంకో పక్క మీటరు అంకె, ఎర్ర రంగులో. కింద పెద్ద అక్షరాలు: ‘జాలవాగు విషం. కారణం పలకల షెడ్డు?’

“ఎవరు పెట్టారు?”

“మాస్టారు మేడం. పదకొండింటికి.”

షెడ్డు మీద జనం పడింది ఆ తర్వాతే. అప్పుడు అక్కడ ఉండాల్సిన మనిషిని తన స్టేషన్‌లో కూర్చోబెట్టింది తనే.

* * *

గురువారం ఉదయం ఎనిమిది. మళ్లీ జాలవాగు.

చచ్చిన గొర్రెలను పూడ్చేశారు. మడుగు నిశ్చలంగా ఉంది. అరుణకుమారి రమ్మన్నందుకు మాస్టారు, శ్రీదివ్య, మరో ఇద్దరు పిల్లలు వచ్చారు. నిన్నటి హుషారు ఎవరి ముఖంలోనూ లేదు. హెలెన్ చెయ్యి విరిగిన సంగతి ఊరంతా తెలిసిపోయింది.

“ప్రతి శనివారం ఏమేం చూస్తారు మీరు?”

“నీళ్ల మసక, ఉప్పు, పులుపు చూస్తాం మేడం,” అంది శ్రీదివ్య. “నీళ్లలో ఏమేం బతుకుతున్నాయో కూడా చూస్తాం. వలతో తీసి తెల్ల ట్రేలో వేసి లెక్కపెడతాం.”

“నిన్న లెక్కపెట్టారా?”

“లేదు మేడం. నిన్న... అది గుర్తే రాలేదు.”

“ఇప్పుడు తీయి.”

శ్రీదివ్య చిన్న వలను మడుగులో తిప్పింది. ట్రేలో వంచింది. తోకకప్పలు గిలగిలలాడాయి. గోరంత చేపపిల్లలు అటూ ఇటూ పరుగెత్తాయి. ఆ అమ్మాయి వాటినే చూస్తూ ఉండిపోయింది.

“నీళ్లలో విషముంటే ముందు ఇవే చావాలి గదా, మేడం.”

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మసక కూడా చూడు. మీరు ఎప్పుడూ పట్టే చోటే పట్టు.”

శ్రీదివ్య బల్లపరుపు బండ మీద మోకాళ్లూని సీసా నింపింది. మీటరులో పెట్టింది. నిన్నటి అంకెలో పావు వంతు కూడా రాలేదు.

“ఈ రోజు షెడ్డు నడవడం లేదు గదా మేడం,” అన్నాడు మాస్టారు. “అందుకని తగ్గి ఉంటుంది.”

“షెడ్డు రోజూ ఎన్నింటికి మొదలవుతుంది?”

“తొమ్మిదికి.”

“గొర్రెలు పడింది ఏడున్నరకు. మీరు శాంపిల్ పట్టేటప్పుడు షెడ్డు నడుస్తోందా?”

మాస్టారు ఆలోచించాడు. “లేదు. గొర్రెల సంగతి విని వాళ్లు నిన్న మొదలే పెట్టలేదు.”

“అంటే నిన్నా ఆగే ఉంది, ఈ రోజూ ఆగే ఉంది. నిన్నటి సీసాలో అంత మసక ఎలా వచ్చింది?”

మాస్టారు శాంపిల్ సీసాను ఎత్తి చూశాడు.

“ఆ సీసా నింపింది ఎవరు?”

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“రమణి, మేడం,” అంది శ్రీదివ్య. “శ్రీరాములు తాత కూతురు. ఈ రోజు రాలేదు.”

అరుణకుమారి మడుగు అంచుకు దిగింది. బూటు బురదలో కూరుకుపోయింది. లాగితే సగం కాలు దాకా బూడిదరంగు ముద్ద అంటుకుని వచ్చింది. గట్టెక్కి రాతి మీద రుద్దింది. పోలేదు. కాశయ్య ఒక పుల్ల తీసుకుని గీకబోయాడు.

“ఇది అంత సులభంగా పోదు మేడం. ఎండితే సిమెంటే.”

ఆమె తన బూటు వైపు చూసింది.

“కాశయ్యా, ఆ పోస్టర్ తీయి.”

ఫోను తీసుకుంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతూ చాలాసేపు చూసింది. ఫోను తిరిగి ఇచ్చేసింది.

“శ్రీరాములు దొడ్డికి పోదాం.”

* * *

దొడ్డిలో బతికిన గొర్రెలు పదిహేను దాకా ఉన్నాయి. అరుణకుమారి అడ్డుపెట్టిన ముళ్లకంప పక్కకు జరిపి లోపలికి వెళ్లింది. ఒక గొర్రె ముందుకాలు పట్టుకుని పైకెత్తింది. వదిలేసింది. ఇంకొకటి. మరొకటి.

శ్రీరాములు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“ఇవి కూడా నిన్న వాగుకు వచ్చినాయా?”

“వచ్చినాయి మేడం.”

“నీళ్లు తాగినాయా?”

అతను వెంటనే చెప్పలేదు. “తాగినాయనుకుంటా.”

“తర్వాత మళ్లీ ఎక్కడికన్నా తోలావా?”

“లేదు. నిన్నట్నుంచి దొడ్లోనే ఉండాయి.”

పక్కనే ఉన్న ఇంటి తలుపు చాటున రమణి నిలబడి ఉంది. సన్నటి పిల్ల. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“బడికి పోలేదా, అమ్మా?”

“తలనొప్పి, మేడం.”

అరుణకుమారి ఇంకేమీ అడగలేదు.

పదకొండింటికి ఆమె పశువుల ఆసుపత్రిలో ఉంది. డాక్టర్ శివకృష్ణ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. నిన్న రెండు గొర్రెలను కోసి చూసింది అతనే. రిపోర్టులో ‘నీటి ద్వారా విషప్రయోగమని అనుమానం’ అని రాశాడు.

“రక్తం ఎలా ఉంది, డాక్టర్ గారూ?”

“ఎర్రగా...” అతను ఆగాడు. “మామూలు కంటే బాగా ఎర్రగా ఉంది. చచ్చిన జీవానికి అట్ల ఉండకూడదు.”

“దానికి కారణం?”

“ఒకటుంది. కానీ అందరూ నీళ్లు, నీళ్లు అంటుంటే...”

“పొట్టలో మేత దాచారా?”

“ఐసు పెట్టెలో ఉంది. ల్యాబుకు పంపాలని.”

“ఇక్కడ చూడటానికి వీల్లేదా?”

వీలుంది. అతను మేతను గాజుసీసాలో వేసి, పసుపుపచ్చ కాగితపు ముక్కను లోపల వేలాడదీసి మూత బిగించాడు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. కాగితం మెల్లగా రంగు తిరిగింది. పసుపు పోయి ఇటుకరంగు వచ్చింది.

శివకృష్ణ తల దించుకున్నాడు.

“నిన్ననే చేయాల్సింది మేడం. ఊరంతా చెప్పిందే నేనూ రాసేసినాను.”

“ఏంటది?”

అతను రెండక్షరాల మాట చెప్పాడు.

ఆ సాయంత్రం అరుణకుమారి, కాశయ్య వాగు నుంచి వెనక్కి, ఎర్రమట్టి బాట పట్టుకుని నడిచారు. బాట దొడ్డి వైపు తిరిగే ముందు ఒక చేను వచ్చింది. ఒకచోట కంపను పక్కకు లాగి, మళ్లీ సగం సగంగా మూసి ఉంది. లోపల గొర్రెల డెక్కల గుర్తులు. ఎండిపోతున్న పెంటికలు. కాశయ్య కొరికిన మొక్కలను చూసి నిట్టూర్చాడు.

“నడవండి మేడం. ఇక చూసేదేం లేదు.”

* * *

శుక్రవారం సాయంత్రం నాలుగు. హైస్కూల్ వరండా.

అరుణకుమారి పిలిపించిన వాళ్లందరూ వచ్చారు. శ్రీరాములు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. మాల్యాద్రి, అతనితో షెడ్డు మీదకు పోయిన వాళ్లు ఒక పక్క. మాస్టారు, పిల్లలు ఇంకో పక్క. పిల్లల్లో రమణి ఉంది. డాక్టర్ శివకృష్ణ గోడ దగ్గర నిలబడ్డాడు. ఏబేలును కూడా పిలిచారు. హెలెన్‌ను వదిలి రానన్నాడు.

అరుణకుమారి తన ఫోను మాల్యాద్రికి ఇచ్చింది.

“ఈ ఫొటో చూశావా?”

“చూసినా మేడం.”

“ఎవరికన్నా పంపావా?”

“చానామందికి పంపినా.”

“ఇప్పుడు గొర్రెల మొహాలు వదిలెయ్. కాళ్లు చూడు. ఏముంది?”

మాల్యాద్రి కళ్లు చిట్లించాడు. “ఎర్రదుమ్ము.”

“బూడిదరంగు బురద ఉందా?”

చాలాసేపు చూశాడు. “లేదు.”

“ఒక్కదానికన్నా?”

“లేదు మేడం.”

“మడుగులో నీళ్లు తాగాలంటే గొర్రె ఆ బురదలో దిగాల్సిందే. నా బూటుకు అంటింది ఇంకా పోలేదు. శ్రీరాములు దొడ్డిలో బతికిన గొర్రెల కాళ్లకు మోకాళ్ల దాకా అదే బురద ఎండి ఉంది. చచ్చిన వాటికి చుక్క కూడా లేదు.” ఆమె ఒక్క క్షణం ఆగింది. “నీళ్లు తాగినవి బతికాయి. తాగనివి చచ్చాయి.”

మాల్యాద్రి ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూశాడు.

“ఈ ఫొటో మూడు రోజులుగా ఊళ్లో ప్రతి ఫోనులో ఉంది. నా చేతిలో కూడా ఉంది. ఎవరమూ చూడలేదు.”

“మరి దేంతో చచ్చినాయి?” అన్నాడు మాల్యాద్రి. గొంతులో మునుపటి బిగువు లేదు.

డాక్టర్ శివకృష్ణ చెప్పాడు.

“నాము.”

పెద్దవాళ్ల తలలన్నీ ఒక్కసారిగా శ్రీరాములు వైపు తిరిగాయి. పిల్లలకు అర్థం కాలేదు. శివకృష్ణ వాళ్లకు చెప్పాడు. జొన్న కోసేశాక మోళ్లకు పిలకలు వస్తాయి. వాన మొగం చాటేసిన రోజుల్లో ఆ లేత పిలకల్లో విషం పుడుతుంది. దాన్నే నాము అంటారు. చచ్చిన గొర్రెల రక్తం అంత ఎర్రగా ఉన్నదీ, మేత మీద కాగితం రంగు తిరిగిందీ దాని వల్లే. ఆకలి మీద మేసిన గొర్రె అరగంట కూడా నిలవదు.

“ఎవరి చేలో?” అన్నాడు మాల్యాద్రి.

“నీ చేలోనే,” అంది అరుణకుమారి. “చేలో దూరినవి వాగు దాకా రాలేకపోయాయి. బాట మీదే పడ్డాయి. దూరనివి ముందు పోయి నీళ్లు తాగాయి. పెద్దాయనా, మిగిలింది నువ్వు చెబుతావా?”

శ్రీరాములు తలగుడ్డ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“మేత లేదు మేడం. ఎక్కడ చూసినా ఎండే. ఆ చేలో పచ్చగా కనపడింది. మొన్న నాలుగు చినుకులు పడినాయి గదా, ఏం కాదులే అనుకున్నా. కంప లాగినా. జీవాలు వణికేది చూసి చేలోంచి బయటికి తోలినా. అప్పటికే అయిపోయింది.”

“అదే చెప్పొచ్చు గదా?”

“ఎట్ల చెప్పేది? నాము కాడికి పోనీయొద్దురా అని ఈ ఊళ్లో ప్రతి పిల్లోడికీ చెప్పినోణ్ని నేనే. నన్ను నమ్మి గొర్రెలిచ్చినారు. నేనే తోలినానని వాళ్ల మొగాల మీద ఎట్ల చెప్పేది? నీళ్లు అన్నా. ఒక్క మాటే గదా అనుకున్నా.”

“షెడ్డు మీదకు పోయేటప్పుడైనా?”

ఆయన తల ఇంకా కిందికి వంగింది.

“ఇంట్లో కూర్చున్నా మేడం. గునపాల సద్దు వినపడతానే ఉండింది. లేవాలనుకున్నా. కాళ్లు లేయలా.”

మాల్యాద్రి ఫోనును వరండా గట్టు మీద పెట్టేశాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

అరుణకుమారి గట్టు మీది ఫోను తీసుకుంది.

“ఇంకొక సంగతి. బుధవారం నాటి శాంపిల్ మడుగులోది కాదు. షెడ్డు కాలువ మూతి దగ్గర, పేరుకున్న బురదలో ముంచి నింపింది. షెడ్డు ఆగి ఉన్నప్పుడు అంత మసక అక్కడే వస్తుంది. ఎవరు నింపారన్నది ఇక్కడ చెప్పే పని లేదు. నేను...”

“నేనే, మేడం.”

రమణి లేచి నిలబడింది. పావడా అంచును రెండు చేతులతో పిండుతోంది.

“పొద్దున నాయనకు సద్ది తీసుకపోయినా. చేలో గొర్రెల్ని చూసినా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తర్వాత సార్ నన్నే సీసా నింపుకొని రమ్మన్నాడు. నీళ్లు బాగుండాయని వస్తే మా నాయన అబద్ధం బయటపడతాదని భయమేసింది. కాలవ మూతి కాడ ముంచినా.” ఆమె శ్రీదివ్య వైపు తిరిగింది. “నీ మీటరు తప్పు కాదు. నేనే.”

శ్రీదివ్య ఏడవడం మొదలుపెట్టింది.

“పోస్టర్ నేను చేసినా గదా. నేను చూసిండాల్సింది.”

మాస్టారు కూర్చున్న చోటు నుంచి లేవలేదు. “చివర ప్రశ్నార్థకం పెట్టించాను, మేడం,” అన్నాడు. అని, ఆ మాట ఎంత చిన్నదో తనకే వినిపించినట్లు ఆగిపోయాడు. “ఇంకోసారి పరీక్ష చేద్దాం అనాల్సింది నేను. నాకు ఆ అంకె నచ్చింది. అందుకని అడగలేదు.”

“షెడ్డు పగలగొట్టిన వాళ్ల మీద కేసు నిన్ననే నమోదైంది,” అంది అరుణకుమారి. “అబద్ధపు స్టేట్‌మెంట్ సంగతి కూడా అందులోకి వస్తుంది, పెద్దాయనా. ఇక నా సంగతి. ఏబేలు భార్య ఫోను చేస్తుంటే ఎత్తనీయకుండా కూర్చోబెట్టింది నేను. అది కూడా రాసి పైకి పంపాను.”

కాశయ్య ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

“పోస్టర్ తీసేయమంటారా మేడం?” అంది శ్రీదివ్య కళ్లు తుడుచుకుంటూ.

“తీసేస్తే చూసినవాళ్లకు తెలిసేదెలా? అది పోయిన ప్రతి చోటికీ ఇప్పుడు జరిగింది కూడా పోవాలి. అది రాయండి. మీ పేర్లతో.”

* * *

శనివారం. వాగు దగ్గరికి పోవాల్సిన పిల్లలు మార్కాపురంలో ఆసుపత్రికి వచ్చారు. మాస్టారు వచ్చాడు. అరుణకుమారి యూనిఫాం లేకుండా వచ్చింది. శ్రీరాములు కూడా బస్సెక్కాడు. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు.

హెలెన్ కిటికీ పక్క మంచం మీద ఉంది. చేతికి పిండికట్టు. ఏబేలు స్టూలు మీద నుంచి లేచాడు.

“కూర్చోండి, ఏబేలు గారూ,” అంది అరుణకుమారి.

అతను కూర్చోలేదు.

రమణి మంచం దగ్గరకు వెళ్లింది.

“పిన్నీ...”

హెలెన్ ఆమెను కింద నుంచి పైకి చూసింది.

“నీ రాత చదివినాను పాపా. ఈయన ఫోన్లో చూపించినాడు.”

“తప్పు చేసినా పిన్నీ.”

హెలెన్ అవునని గానీ కాదని గానీ అనలేదు. పిండికట్టు సర్దుకుని అడిగింది.

“మా నీళ్లు వాగులో కలిసేది నిజమే గదా?”

“నిజమే. కానీ గొర్రెలు దాంతో...”

“గొర్రెల సంగతి కాదు. మా బురదతో ఆ మడుగు చెడిపోతాంది గదా? ఎప్పట్నుంచి కొలస్తాండారు?”

“జూన్ నుంచి,” అంది శ్రీదివ్య వెనక నుంచి.

“ప్రతి శనివారం మా షెడ్డు ముందర నుంచే పోతిరి. సంచులు తగిలించుకొని, నవ్వుకుంటా. సీసాలు పట్టుకొని మళ్లీ మా ముందర నుంచే వస్తిరి.” ఆమె గొంతు పెరగలేదు. “ఇట్ల ఉంది, మీ బురద ఇంత పోతాంది అని ఒక్కరన్నా లోపలికొచ్చి చెప్పుంటే ఒక గుంత తవ్వుకొని ఉందుము. ఈయన ఒక పూటలో తవ్వేటోడు. బురద అందులోనే నిలిచిపోయేది.”

మాస్టారు నేల వైపు చూశాడు.

“ఊరందరికీ చెప్పినారు. మాకే చెప్పలా.”

వార్డులో ఎవరో దగ్గారు. బయట ఆటో హారన్ మోగింది. అరుణకుమారి కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. ఆ మాట తనకు కూడా తగిలింది. మడుగు చూసింది, షెడ్డు చూసింది, ఆ షెడ్డులో ఉన్న మనిషిని మాత్రం అడగకుండా జీపు పంపించింది.

హెలెన్ దిండు మీద తల వెనక్కి వాల్చింది. కళ్లు మూసుకుంది. అయిపోయిందని అందరూ అనుకున్నారు. వెళ్లడానికి కదిలారు.

“పాపా.”

రమణి ఆగింది.

“ఈసారి కొలిచేదానికి వచ్చినప్పుడు తలుపు కొట్టండి.”

రమణి తల ఊపింది. హెలెన్ కళ్లు మూసుకునే ఉంది. “కొడతాం, పిన్నీ,” అంది రమణి.